పత్తి చేనులో పురుగు, ప్రాణహిత రాళ్లలో పన్ను: చిన్న మార్పులు పెద్ద మార్పులు ఎలా అవుతాయి?



దశావతారాల గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా మనవాళ్ల నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "చిన్న చిన్న మార్పులు జరుగుతాయి, ఒప్పుకుంటాం. కుక్కల్లో ఎన్ని రకాలు లేవు? కానీ ఒక జీవి నుంచి పూర్తిగా వేరే జీవి రావడం ఎవరు చూశారు?" దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంటుంది, చాలామంది పైకి అనరు: "ఇది ఒప్పుకుంటే నా భక్తి ఏమవుతుంది?"

రెండూ మంచి ప్రశ్నలే. ఈ పాఠంలో రెండిటికీ జవాబు వెతుకుదాం. దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఒక పత్తి చేను, కొన్ని రాళ్లు చూస్తే చాలు.

ముందుగా రెండు మాటలు

ఒకే జాతిలో, కొన్ని తరాల్లో జరిగే మార్పును సూక్ష్మ పరిణామం అంటారు. కొత్త జాతులు రావడం, కొత్త శరీర నిర్మాణాలు ఏర్పడటం, పెద్ద పెద్ద వంశాలు పుట్టడం, అంతరించడం స్థూల పరిణామం. వేదాంతంలో మనం వినే స్థూల శరీరం, సూక్ష్మ శరీరం వేరే సంగతి. వాటితో కలపకండి. ఇక్కడ సూక్ష్మం అంటే చిన్న స్థాయి, స్థూలం అంటే పెద్ద స్థాయి. అంతే.

ఈ రెండు పేర్లు 1927లో యూరీ ఫిలిప్‌చెంకో అనే రష్యన్ శాస్త్రవేత్త పెట్టారు. ఈ రెండూ వేరువేరు దారుల్లో జరుగుతాయని ఆయన అనుకున్నారు. ఆయన దగ్గర పనిచేసిన డోబ్జాన్‌స్కీ 1937లో తన పుస్తకంలో వేరే మాట చెప్పారు: ఇప్పుడున్న జ్ఞానంతో ఈ రెండిటి మధ్య సమాన గుర్తు పెట్టక తప్పదు, కాస్త తటపటాయిస్తూనే పెడుతున్నాను అని. అంటే మీకొచ్చిన సందేహం శాస్త్రవేత్తలకూ వచ్చిందే. దాని మీద వాళ్లు దాదాపు నూరేళ్లుగా పనిచేస్తున్నారు.

మొదటి మెట్టు: గులాబీ పురుగు

ఆదిలాబాద్ అంటేనే పత్తి. మనలో చాలామంది హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నా ఊళ్లో తాతదో, మేనమామదో పత్తి చేను ఉండే ఉంటుంది. ఆ చేనుకి పెద్ద శత్రువు గులాబీ రంగు పురుగు. కాయ లోపలికి దూరి గింజ తింటుంది. బయటికి కాయ బాగానే కనిపిస్తుంది, పగిలాక చూస్తే రంగు మారిన దూది.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. ఆ మొక్కను తిన్న పురుగు చస్తుంది. 2006లో రెండు విష ప్రొటీన్లున్న రకం వచ్చింది. మొదట్లో బాగా పనిచేసింది. 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో మొదటి ప్రొటీన్‌కి గులాబీ పురుగు చావడం లేదని విత్తన కంపెనీయే ప్రకటించింది. 2015 నాటికి రెండు ప్రొటీన్ల రకాన్నీ తట్టుకునే పురుగులు కనిపించాయి. ఆ తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ చేలల్లోనూ దెబ్బ తగిలింది.

ఏం జరిగిందంటే, పురుగుల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఒక జన్యువులో చిన్న తేడా ఉంటుంది. విషం వెళ్లి అతుక్కోవలసిన చోటు వాటి పేగుల్లో సరిగా తయారవదు. అందుకే విషం పనిచేయదు. అయితే తట్టుకోవాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ తేడావే రావాలి.

ఒక లెక్క చూద్దాం. ఉదాహరణకి ఆ తేడా వెయ్యి కాపీల్లో ఒకటి ఉందనుకోండి. రెండు కాపీలూ ఉన్న పురుగు పది లక్షల్లో ఒకటే. ఆ ఒక్కటి బతికి మామూలు పురుగుతో జతకడితే పిల్లలకి ఒకే కాపీ వస్తుంది, బీటీ పత్తి కాయ తిని అవి చస్తాయి. అందుకే బీటీ విత్తనంతో పాటు నాన్ బీటీ విత్తనం చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. చేను చుట్టూ అది వేస్తే మామూలు పురుగులు కూడా బతికి ఉంటాయి, తట్టుకునే పురుగుకి జత అవుతాయి. కానీ మన దగ్గర ఆ ప్యాకెట్ వేసినవాళ్లు తక్కువ. రైతునే అనడానికి లేదు. ఉన్నదే రెండు, మూడు ఎకరాలు. అందులో కొంత పురుగుకి వదిలెయ్యమంటే ఎవరికైనా కష్టమే. ఇది ఎందుకో విడమరిచి చెప్పినవాళ్లూ తక్కువే. చివరికి తట్టుకునే పురుగులు తట్టుకునే పురుగులతోనే జతకట్టాయి. పురుగుకి ఒక తరం అంటే నెల, నెలన్నర. కొన్నేళ్లలో పరిస్థితి తారుమారైంది.

అమెరికాలోని అరిజోనా రైతులు మొదటి నుంచి నాన్ బీటీ వరసలు వేశారు. ఆ తర్వాత వేరే పద్ధతులు కూడా కలిపారు. 2018లో పత్తి పండే ప్రాంతాల్లో గులాబీ పురుగు పూర్తిగా పోయిందని అమెరికా ప్రకటించింది. పురుగు అదే, విష ప్రొటీన్లూ అవే. పరిణామాన్ని లెక్కలోకి తీసుకున్నచోట ఒక ఫలితం, తీసుకోనిచోట ఇంకో ఫలితం. "పరిణామం అనేది పుస్తకాల్లో మాట" అని ఎవరైనా అంటే, ఆ మాట ఖరీదు ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో తూకం దగ్గర తెలుస్తుంది.

ఇది సూక్ష్మ పరిణామం. దీని పేరు ప్రకృతి వరణం. తేడా ముందే ఉంది, పరిస్థితి ఏరింది, సంతానంలో అది పెరిగింది. ఇక్కడ మీ ప్రశ్న సరిగ్గా వస్తుంది: "ఎంత మారినా అది పురుగే కదా?" నిజమే. ఇంకో మెట్టెక్కుదాం.

రెండో మెట్టు: పత్తి మొక్క

అదే చేనులో పురుగును వదిలి మొక్కను చూడండి. మన తాతముత్తాతలు వేసింది దేశవాళీ పత్తి. దాని కణంలో క్రోమోజోములు 26. ఇప్పుడు అందరూ వేసే బీటీ హైబ్రిడ్లు ఎక్కువగా అమెరికన్ పత్తివి. వాటిలో 52. ఈ రెండిటినీ సంకరం చేస్తే వచ్చే మొక్కకి 39 క్రోమోజోములు ఉంటాయి. అవి జతలుగా సర్దుకోలేవు కాబట్టి ఆ మొక్క మామూలుగా గొడ్డుదే అవుతుంది. రెండు జాతుల మధ్య గోడ అంటే ఇదే.

మరి 52 ఎక్కణ్నుంచి వచ్చాయి? దాదాపు పది, ఇరవై లక్షల ఏళ్ల కింద మన దేశవాళీ పత్తికి చుట్టమైన ఒక జాతి, అమెరికా అడవి పత్తి జాతి ఒకటి కలిశాయి. రెండిటికీ 26 చొప్పున. ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపయ్యాయి. ప్రతిదానికీ జత దొరికింది, మొక్క కాయ కాసింది. ఇది ఊహేనా అని పరీక్షించారు కూడా. 1940లో అమెరికా శాస్త్రవేత్తలు ఆసియా పత్తిని, అమెరికా అడవి పత్తిని సంకరం చేసి, మందుతో క్రోమోజోములు రెట్టింపు చేశారు. అలా తయారైన మొక్క అమెరికన్ పత్తితో కలిసింది.

అంటే ఒక కొత్త జాతి పుట్టుకను మనుషులు తమ చేతులతో మళ్లీ చేసి చూశారు. అన్ని జాతులూ ఇలా ఒక్కసారిగా రావు. జంతువుల్లో సాధారణంగా ఒక గుంపు రెండుగా విడిపోతుంది. మధ్యలో కొండో, సముద్రమో వస్తుంది. రెండు వైపులా చిన్న తేడాలు పోగవుతాయి. ఎప్పుడో ఒకప్పుడు కలిసినా సంతానం కలగనంత దూరం అవుతారు. సూక్ష్మానికీ స్థూలానికీ మధ్య గుమ్మం ఇక్కడే ఉంది. ఒకే గుంపుగా ఉన్నంతవరకు తేడాలన్నీ కలిసిపోతూ ఉంటాయి. దారులు వేరయ్యాక ఎవరి తేడాలు వాళ్ల దగ్గరే పోగవుతాయి, వెనక్కి కలవవు.

మూడో మెట్టు: ప్రాణహిత రాళ్లు

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు కాళేశ్వరం వెళ్లినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ప్రాణహిత గోదావరిలో కలిసే ఆ చోటు నుంచి రెండు వైపులా సాగే లోయ ప్రపంచంలో శిలాజాలు చదివేవాళ్లందరికీ తెలిసిన పేరు. రామగుండం, మందమర్రి, బెల్లంపల్లిలో సింగరేణి తవ్వే బొగ్గు ఈ లోయలో కింది పొరలది. దాని మీద ఆదిలాబాద్ వైపు మాలేరి గ్రామం పేరుతో ఒక పొర, దాదాపు 23 కోట్ల ఏళ్ల నాటిది. ఇంకా పైన, సిరొంచ దగ్గరి కోట గ్రామం పేరుతో ఇంకో పొర, దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటిది.

కోట పొరలోనే ఉమ్మడి ఆదిలాబాద్‌లోని యామన్‌పల్లి దగ్గర పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. 1988లో పి. యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మీరు ఫొటో దిగిన అస్థిపంజరం అదే. కనీసం 12 జంతువుల ఎముకల్లోంచి దాన్ని కూర్చారు.

ఈ పాఠానికి మాత్రం డైనోసార్ కన్నా చిన్న వస్తువు కావాలి. మాలేరి పొరలో ఎక్సెరెటోడాన్ అనే జంతువు దవడలు దొరికాయి. పాలిచ్చే జంతువులకి దగ్గరి చుట్టమే గానీ, ఇంకా వాటిలో ఒకటి కాదు. కోట పొరలో, పైకాసిగూడెం లాంటి చోట్ల, తొలి పాలిచ్చే జంతువుల పళ్లు దొరికాయి. బియ్యపు గింజ కన్నా చిన్నవి. వాటిలో ఒకదాని పేరు వింటే మీకు సంతోషం కలుగుతుంది: త్రిశూలోథీరియం. మన త్రిశూలం పేరే. ఇంకోటి కోటాథీరియం హాల్డేనై. ఆ హాల్డేన్ గురించి కాసేపట్లో చెప్పుకుందాం.

కింది పొర జంతువు పై పొర జంతువుకి తాత అనుకోకండి. చిన్నతాత వరస. ఒకే వంశం, వేరే కొమ్మ. కానీ ఆ వంశంలో జరిగిన మార్పు ఏమిటో మాత్రం ప్రపంచమంతా దొరికిన దవడల్లో వరసగా కనిపిస్తుంది. బల్లిలాంటి జంతువుకి కింది దవడలో చాలా ఎముకలుంటాయి, మన కింది దవడ ఒకే ఎముక. బల్లి నడిచెవిలో ఒక ఎముకే, మనకి మూడు: సుత్తి, దాగలి, రికాబు ఆకారాల్లో ఉండేవి. అదనంగా వచ్చిన రెండు ఎక్కడివి? దవడ కీలు దగ్గరి రెండు ఎముకలే చిన్నవవుతూ చెవిలోకి చేరాయి.

"మధ్యలో దవడ ఊడిపోదా?" అని అడుగుతారు. దక్షిణాఫ్రికాలో దొరికిన ఒక జంతువు దానికి జవాబు. దాని పేరు డయార్థ్రోగ్నేథస్, అంటే రెండు కీళ్ల దవడ. పాత కీలు, కొత్త కీలు పక్కపక్కనే పనిచేశాయి. కొత్తది గట్టిపడ్డాక పాతదానికి దవడ పని తప్పింది. చప్పుడు వినే పని అది ముందు నుంచీ కొంత చేస్తూనే ఉంది, ఇప్పుడు అదొక్కటే మిగిలింది. ప్రతి దశలోనూ జంతువు తింటూనే ఉంది, వింటూనే ఉంది.

ఈ శిలాజాలేవీ దొరకకముందే, 1837లో, జర్మనీకి చెందిన రైకెర్ట్ పంది పిండాలను చూసి చెవి ఎముకలు దవడ భాగం నుంచే వస్తాయని చెప్పారు. డార్విన్ పుస్తకం రావడానికి అది 22 ఏళ్ల ముందు. తల్లి కడుపులో మన ప్రతి ఒక్కరికీ ఆ సుత్తి ఎముక దవడ మృదులాస్థిని అంటుకునే మొదలవుతుంది.

"ఎవరు చూశారు?"

మన న్యాయశాస్త్రం ప్రమాణాల్లో ప్రత్యక్షం ఒక్కటే లేదు, అనుమానం కూడా ఉంది. ఇక్కడ అనుమానం అంటే డౌట్ కాదు, హేతువుతో తెలుసుకోవడం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం. నిప్పును కంటితో చూడలేదు కదా అని ఏ తార్కికుడూ కొట్టిపారేయలేదు. పిండం చెప్పిన మాట, రాయి చెప్పిన మాట వేరువేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిస్తే అది గట్టి హేతువు. చిన్న మార్పు మనకి ప్రత్యక్షం. పెద్ద మార్పు అనుమాన ప్రమాణం. రెండూ ప్రమాణాలే.

హాల్డేన్ లెక్క

జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండ్‌లో పుట్టారు. ప్రకృతి వరణాన్ని లెక్కల్లో పెట్టినవాళ్లలో ముఖ్యుడు. 1957లో మన దేశానికి వచ్చేసి కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. భారత పౌరసత్వం తీసుకున్నారు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ప్రాణహిత లోయలో పెద్ద తవ్వకాలు చేసింది కూడా ఆ సంస్థవాళ్లే. 1981లో పి.ఎం. దత్తా కోట పన్నుకి ఆయన పేరు పెట్టారు.

1949లో హాల్డేన్ పరిణామ వేగానికి ఒక కొలమానం ఇచ్చారు, పేరు 'డార్విన్'. పది లక్షల ఏళ్లలో ఒక కొలత 2.718 రెట్లయితే ఒక డార్విన్. 10 మిల్లీమీటర్ల పన్ను ఆ వేగంతో పది లక్షల ఏళ్లకి 27 మిల్లీమీటర్లు అవుతుంది. మరి వెయ్యేళ్లకి ఎంత పెరుగుతుంది? మిల్లీమీటర్‌లో నూరోవంతు. శాతవాహనుల కాలం నుంచి కొలుస్తూ వచ్చినా కంటికి కనపడదు. శిలాజాల్లో కనిపించే వేగం చాలాసార్లు ఇంతకన్నా కూడా తక్కువే.

కానీ మన కళ్ల ముందు జరిగే మార్పులు కొలిస్తే వేగం దీనికి వందల, వేల రెట్లుంటుంది. గులాబీ పురుగు సంగతి చూశాం. కాబట్టి "చిన్న మార్పులు పెద్ద మార్పులకి సరిపోతాయా?" అన్నది అసలు కష్టమైన ప్రశ్న కాదు. సరిపోవడమే కాదు, మిగిలిపోతాయి. ఇంత వేగం ఉన్నా పెద్ద మార్పు అంత నెమ్మదిగా ఎందుకు వస్తుంది అన్నదే కష్టమైన ప్రశ్న.

ఒక కారణం, చిన్న మార్పులు ముందుకీ వెనక్కీ పోతాయి. గలపాగోస్ దీవుల్లో గ్రాంట్ దంపతులు పిచ్చుకల్లాంటి ఫించ్ పక్షుల ముక్కుల్ని ఏటేటా కొలిచారు. 1977 కరువులో గట్టి గింజలే మిగిలితే పెద్ద ముక్కులవి బతికాయి. 1983లో వానలు విపరీతంగా పడి చిన్న గింజలు పెరిగాక చిన్న ముక్కులవాటికి మేలైంది. కాళేశ్వరం దగ్గర గోదావరి మేలో ఇసుక, జూలైలో వరద. ఆ ఎక్కువతక్కువలు చూసి లోయ ఎలా ఏర్పడిందో చెప్పలేం. కానీ లోయను కోసింది ఆ నీళ్లే.

నల్లరేగడి చెప్పేది

మరి స్థూలం అంటే సూక్ష్మాన్ని కూడుకుంటూ పోవడమేనా? పూర్తిగా కాదు. ఆదిలాబాద్ పత్తి పండే నల్లరేగడి చాలా చోట్ల దక్కన్ లావా అరిగి ఏర్పడింది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద ఆ లావా పొంగింది. ఆ కాలంలోనే మెక్సికో దగ్గర ఒక పెద్ద ఉల్క పడింది. పక్షులు తప్ప డైనోసార్లన్నీ పోయాయి. అప్పటిదాకా చిన్నగా ఉన్న పాలిచ్చే జంతువులకి అప్పుడు చోటు దొరికింది. ఏ జన్యువు బాగుంది అన్న లెక్కతో ఈ సంఘటనను ముందే చెప్పలేం. ఎవరు మిగిలారో, ఏ ఖండం ఎటు జరిగిందో, అదీ కథలో భాగమే. శిలాజాల్లో జాతులు చాలాకాలం మారకుండా ఉండి తక్కువ కాలంలో మారతాయని 1972లో ఎల్‌డ్రెడ్జ్, గౌల్డ్ చెప్పినప్పటి నుంచి చర్చ ఇంకా నడుస్తోంది. ఆ చర్చ నడక ఎలా సాగింది అన్నదాని మీద. నడక జరిగిందా అన్నదాని మీద కాదు.

ఒక్క వాక్యంలో పెట్టుకోండి: అడుగులు సూక్ష్మానివే, దారి ఎటు తిరగాలో మాత్రం చీలికలు, ప్రళయాలు, కాలం కూడా నిర్ణయించాయి.

మరి మన అవతారాలు?

మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అన్న వరుస చూసి "ఇదే డార్విన్ సిద్ధాంతం" అనేవాళ్లున్నారు. ఈ పోలికను హాల్డేన్ కూడా ప్రస్తావించారు. పోలికగా బాగుంది, గుర్తుపెట్టుకోవడానికి బాగుంది. రుజువుగా వాడితే రెండు వైపులా నష్టమే.

శాస్త్రం వైపు చూస్తే, పరిణామం వరస మెట్లు కాదు, చెట్టు. వరాహం మనిషికి ముందు తరం కాదు, మనలాగే ఇవాళ ఉన్న ఒక కొమ్మ. భక్తి వైపు చూస్తే, ధర్మపురి గోదావరిలో స్నానం చేసి లక్ష్మీనరసింహస్వామి ముందు నిలబడినప్పుడు మనం సగం మారిన జంతువును చూస్తున్నామా? ప్రహ్లాదుడి మాట నిలబెట్టడానికి స్తంభంలోంచి వచ్చిన స్వామిని చూస్తున్నాం. వామనుడు ఎదగని మనిషి కాదు, మూడడుగుల్లో లోకాలు కొలిచినవాడు. అవతారం ఎందుకు అన్నదానికి జవాబు ధర్మరక్షణ. దాన్ని దవడ ఎముకల లెక్కలోకి దింపితే మనమే చిన్నబుచ్చినట్టు.

కాలం విషయంలో మనకి బెంగ అక్కర్లేదు. బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్లని పురాణాలు లెక్క చెప్పాయి. రోజూ సంకల్పంలో కల్పం, మన్వంతరం పేర్లు చెప్పుకునేవాళ్లం. 23 కోట్ల ఏళ్ల రాయిని చూసి భయపడే సంప్రదాయం కాదు మనది. అలాగని ఆ లెక్కే ఈ లెక్క అని కూడా అనొద్దు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేశారు. మీ ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ పాఠం వాళ్లకి మీరే చెప్పండి. "ఎముకను ఒప్పుకుంటే దేవుణ్ని వదలాలి" అని ఎవరైనా వాళ్లని రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే, ఆ పోటీ మన ఋషులు పెట్టింది కాదని చెప్పండి.

స్వాధ్యాయం

1. ఈసారి బిర్లా సైన్స్ మ్యూజియం వెళ్తే కోటసారస్ దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఏ ఊరి ఎముకలో పిల్లలకి చెప్పండి.
2. ఊళ్లో పత్తి వేసేవాళ్లుంటే లింగాకర్షక బుట్టలు పెట్టారా, పంట డిసెంబర్ దాటించకుండా తీసేశారా, పత్తి కట్టె చేనులోంచి తొలగించారా అని అడగండి. గులాబీ పురుగు సంతతిని తెంపేది ఇవే.
3. "మార్పు చిన్నదే కదా" అని మీరు వదిలేసిన అలవాటు ఒకటి రాసుకోండి. పదేళ్లకి అది ఎక్కడికి చేరుతుందో ఆలోచించండి. ఇది జీవశాస్త్రం కాదు, సాధన. కానీ లెక్క పనికొస్తుంది.

వచ్చే పాఠంలో కూర్మావతారం, క్షీరసాగర మథనం. అందాకా సెలవు. లోకాః సమస్తాః సుఖినో భవంతు.